కంట్రోలర్ చేతిలో... కన్నీళ్ళు కళ్ళలో

1963లో ‘లవకుశ’ విడుదలైనప్పుడు పల్లెల నుంచి జనం బళ్ళు కట్టుకుని మరీ సినిమాకి వెళ్ళారని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతుంటారు. సీతమ్మ భూమిలోకి వెళ్ళిపోతుంటే హాల్లో ఆడవాళ్ళ పైటచెంగులు తడిసిపోయేవట. అంతకు ముందు తరంలో హరిశ్చంద్ర నాటకం. కాటిసీను కోసం తెల్లవార్లూ చాపల మీద కూర్చుని, చంద్రమతి కష్టం చూసి వెక్కి వెక్కి ఏడ్చి, పొద్దున్నే పొలానికి వెళ్ళేవారు. వాళ్ళెవరినీ “అది నాటకమే కదా, ఎందుకేడుస్తావు?” అని ఎవరూ అనలేదు. పైగా కాటిసీనులో జనాన్ని ఏడిపించలేని నటుడికి మరో ఊరి నుంచి పిలుపు వచ్చేది కాదు. కరుణరసానికి మనవాళ్ళు వేసిన పీట అంత పెద్దది!

ఇప్పుడు అమెరికాలో మన ఇళ్ళ సంగతి చూద్దాం. పైనుంచి అమ్మ నాలుగుసార్లు భోజనానికి పిలిచినా బేస్‌మెంట్‌లో ఉన్న కుర్రాడు రాడు. కిందికి వెళ్ళి చూస్తే కళ్ళు ఎర్రగా ఉంటాయి. “ఏమైందిరా?” అంటే “నథింగ్” అంటాడు. గట్టిగా అడిగితే, గేమ్‌లో ఎవరో చనిపోయారని తేలుతుంది. ఇక డైనింగ్ టేబుల్ దగ్గర నవ్వులే నవ్వులు! “క్లాసులో మార్కులు తగ్గినప్పుడు రాని ఏడుపు దీనికొచ్చిందా?” అని ఒక విసురు కూడా.

లవకుశకి ఏడిస్తే రసజ్ఞత, వీడియో గేమ్‌కి ఏడిస్తే వెర్రితనం! ఈ తేడా మనం ఎందుకు చూపిస్తున్నాం? గేమ్ అంటే కాల్పులు, కార్ల రేసులు, టైమ్ వేస్టు అన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోవడం వల్ల. కానీ నవలలా, సినిమాలా కథ చెప్పే గేములు నలభై ఏళ్ళుగా వస్తున్నాయి. వాటిలో మనసుని పిండేసే ఘట్టాలు ఉన్నాయి. అవి ఎలా పనిచేస్తాయో తెలిస్తే, మన పిల్లలు ఎందుకు ఏడుస్తున్నారో కూడా కొంత తెలుస్తుంది.

(పిల్లలూ, ముందే చెబుతున్నాను. కొన్ని గేముల కథలు చివరిదాకా చెప్పేయబోతున్నాను. ఇంకా ఆడనివాళ్ళు ఆ పేరాలు దాటేయండి!)

కంప్యూటర్ ఏడిపించగలదా?

1982లో కాలిఫోర్నియాలో ట్రిప్ హాకిన్స్ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ తొలి రోజుల్లో ఇచ్చిన ఒక పత్రికా ప్రకటన చాలా పేరు పొందింది. కంప్యూటర్ మనిషి చేత కన్నీళ్ళు పెట్టించగలదా అన్నది ఆ ప్రకటనలో వేసిన ప్రశ్న. అప్పటికి ఇళ్ళలో ఉన్న కంప్యూటర్లలో సరైన బొమ్మ గీయడమే కష్టం. అలాంటి రోజుల్లో వేసిన ఆ ప్రశ్న చూసి చాలామంది నవ్వుకునే ఉంటారు.

జవాబు 1983లోనే వచ్చింది. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఇన్ఫోకామ్ అనే కంపెనీ ఉండేది. అక్కడ స్టీవ్ మెరెట్స్‌కీ రాసిన ‘ప్లానెట్‌ఫాల్’ గేమ్‌లో ఒక్క బొమ్మ కూడా లేదు. అంతా అక్షరాలే. తెర మీద కథ వస్తుంది, ఏం చెయ్యాలో మనం టైపు చెయ్యాలి. పాడుబడిన గ్రహంలో చిక్కుకున్న ఆటగాడికి ఫ్లాయిడ్ అనే రోబో తోడు దొరుకుతుంది. పేరుకి రోబో గానీ, చేష్టలన్నీ చిన్నపిల్లాడివే. ఆటలాడదాం రమ్మంటాడు, అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేస్తాడు, వెంటే తిరుగుతాడు. ఒకచోట భయంకరమైన జంతువులున్న గదిలోంచి ఒక కార్డు తేవాలి. తాను వెళతానంటాడు ఫ్లాయిడ్. తలుపు తెరవమని టైపు చేసేది ఆటగాడే. వాడు లోపలికి వెళ్ళాక తలుపు మూసెయ్యమని టైపు చేసేదీ ఆటగాడే. ఫ్లాయిడ్ కార్డు తెస్తాడు, కానీ ముక్కలైపోయి తెస్తాడు. ఆటగాడి చేతుల్లోనే ప్రాణం వదులుతాడు. (కథ చివర్లో ఫ్లాయిడ్‌ని మళ్ళీ బాగుచేస్తారు, అది వేరే సంగతి.) కేవలం అక్షరాలతో, ఒక రోబో కోసం, ఎంతోమంది కళ్ళు తుడుచుకున్నారు.

ఇక్కడ ఆ తలుపుని గమనించండి. సినిమాలో అయితే తలుపు హీరో మూస్తాడు, మనం చూస్తాం. గేమ్‌లో మనమే మూశాం. ఏడుపు తెప్పించే గేములన్నిటిలోనూ, వెతికితే, ఇలాంటి తలుపు ఒకటి కనిపిస్తుంది.

పెంచుకున్న మనిషి పోతే

1997లో జపాన్ కంపెనీ స్క్వేర్ నుంచి ‘ఫైనల్ ఫాంటసీ 7’ వచ్చింది. ప్లేస్టేషన్‌లో మూడు డిస్కుల ఆట. అందులో పూలమ్ముకునే అమ్మాయి ఏరిస్. అమెరికాలో అప్పుడు ఆ పేరుతోనే వచ్చింది, తర్వాత ఏరిత్ అంటున్నారు. మొదటి డిస్కు అయిపోవస్తుండగా, ప్రార్థన చేసుకుంటున్న ఆ అమ్మాయిని విలన్ సెఫిరాత్ వెనకనుంచి పొడిచి చంపేస్తాడు.

కంప్యూటర్ వాళ్ళ లెక్కలో ఏరిస్ అంటే ఏమిటి? కొన్ని అంకెలు. బలం ఇంత, ఆరోగ్యం ఇంత, అనుభవం ఇంత. అంతే. కానీ ఆ అంకెల్ని గంటల తరబడి పెంచింది ఆటగాడు. మంచి ఆయుధం కొనిపెట్టాడు, విద్యలు నేర్పించాడు, ప్రతి యుద్ధంలోనూ వెనక నిలబెట్టి కాపాడుకున్నాడు. పెరట్లో రోజూ నీళ్ళు పోసిన మొక్కని ఎవరో పీకేసినట్టు, ఆ శ్రమంతా ఒక్క క్షణంలో పోయింది. ఆ తర్వాత యుద్ధం వస్తే ఆమె స్థానం ఖాళీ. ఆమెని బతికించే రహస్య మార్గం ఏదో ఉందని ఏళ్ళ తరబడి పుకార్లు నడిచాయి. ఎంతోమంది వెతికారు. అలాంటి మార్గమేదీ లేదు. ఆప్తుల్ని పోగొట్టుకున్న ఇంట్లో “ఇంకో గంట ముందు హాస్పిటల్‌కి తీసుకెళ్ళి ఉంటే” అనుకుంటారే, ఆ వెతుకులాటకి ఇది చిన్న చెల్లెలు.

మనం ఎవరిలో ఉన్నాం?

కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఉన్న నాటీ డాగ్ కంపెనీ 2013లో ‘ద లాస్ట్ ఆఫ్ అజ్’ విడుదల చేసింది. 2023లో హెచ్‌బీఓ సీరియల్‌గా కూడా వచ్చింది కాబట్టి గేములు ఆడని పెద్దలకి కూడా పేరు తెలిసే ఉంటుంది. కథ టెక్సాస్‌లోని ఆస్టిన్ దగ్గర మొదలవుతుంది. తండ్రి జోయెల్, కూతురు సారా. తండ్రి పుట్టినరోజుకి కూతురు వాచీ ఇస్తుంది. ఆ రాత్రే ఒక మాయరోగం ఊరి మీద పడుతుంది.

దీన్ని తయారుచేసినవాళ్ళ తెలివి ఎక్కడుందంటే, ముందుగా మన చేతికి ఇచ్చేది సారాని. నిద్రలేచి, చీకటి ఇంట్లో “డాడ్” అని పిలుస్తూ గది గదీ తిరిగే పిల్లని మనమే నడిపిస్తాం. కాసేపటికి మనల్ని తండ్రిలోకి మారుస్తారు. ఇప్పుడు కాలు విరిగిన సారాని ఎత్తుకుని పరిగెత్తాలి. ఇందాకటి దాకా మనమే అయిన పిల్ల ఇప్పుడు మన చేతుల్లో ఉంది. పరుగు పూర్తయి, బతికామనుకున్న చోట ఒక సైనికుడు కాల్చిన తూటాకి ఆ పిల్ల చనిపోతుంది. అప్పటికి ఆట మొదలై అరగంట కూడా కాదు! ఆ తర్వాత కథ ఇరవై ఏళ్ళు ముందుకు దూకుతుంది. అప్పటికీ జోయెల్ చేతికి ఆ వాచీ ఉంటుంది, పగిలి, ఆగిపోయి.

2012లో కాలిఫోర్నియాలోని టెల్‌టేల్ గేమ్స్ తెచ్చిన ‘ద వాకింగ్ డెడ్’ది ఇంకో పద్ధతి. లీ అనే మాజీ ప్రొఫెసర్, హత్య కేసులో జైలుకి వెళుతూ ఉంటాడు. లోకం తలకిందులవుతుంది. జార్జియాలో అమ్మానాన్నలు దగ్గర లేని క్లెమెంటైన్ అనే ఎనిమిదేళ్ళ పాప అతనికి దొరుకుతుంది. ఈ ఆటలో ముఖ్యమైన ఆయుధం మాట. ఎవరితో ఏమనాలో మనం ఎంచుకోవాలి, అదీ కొన్ని సెకన్లలో. అబద్ధం చెప్పినా, కోపంగా మాట్లాడినా, ఆ పాప దాన్ని గుర్తుంచుకుంటుందని తెర మూల ఒక చిన్న వాక్యం మెరుస్తుంది. పిల్లలున్నవాళ్ళకి గుండె జలదరించే వాక్యం అది. మన ఇళ్ళలో తెర మూల ఏదీ మెరవదు గానీ, పిల్లలు గుర్తుంచుకోవడం మాత్రం మానరు.

చివర్లో లీకి ఆ జబ్బు సోకుతుంది. చనిపోతూ పాపకి చివరి మాటలు చెప్పాలి. ఎవర్ని నమ్మాలి, జుట్టు పొట్టిగా ఉంచుకోవాలా, తన సంగతి ఏం చెయ్యాలి, అన్నీ మనమే ఎంచాలి. పెద్ద దిక్కు లేకుండా పోబోతున్న పాపకి అర నిమిషంలో ఏం నేర్పిస్తాం? ఎన్నో గేములు గెలిచిన పెద్ద పెద్ద ఆటగాళ్ళకే ఇక్కడ వేళ్ళు కదల్లేదు.

వేళ్ళకి కూడా జ్ఞాపకం ఉంటుంది

కన్నీటి ఘట్టాల్లో సాంకేతికంగా నన్ను అబ్బురపరిచింది స్వీడన్‌లో తయారైన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’. 2013లో వచ్చింది, దర్శకుడు జోసెఫ్ ఫారెస్. జబ్బుపడ్డ తండ్రి కోసం ఇద్దరు అన్నదమ్ములు మందు వెతుక్కుంటూ వెళతారు. కంట్రోలర్ మీద ఎడమ బొటనవేలు అన్నని నడిపిస్తుంది, కుడి బొటనవేలు తమ్ముణ్ణి. మొదట్లో తికమకగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. తమ్ముడికి నీళ్ళంటే భయం. వాళ్ళమ్మ నీళ్ళలోనే పోయింది. అందుకని నది వస్తే అన్న వీపు పట్టుకునే ఈదుతాడు.

దారిలో అన్న చనిపోతాడు. తమ్ముడే అన్నని పూడ్చాలి. ఆ మట్టి లాగడం కూడా మనమే చెయ్యాలి. ఇక ఎడమ బొటనవేలికి పని లేదు. ఒంటరిగా ఇంటికి తిరిగొస్తుంటే నీళ్ళు అడ్డం వస్తాయి. కుడి వైపు ఎంత నొక్కినా తమ్ముడు దిగడు. ఏం చెయ్యాలో తోచక, ఇంతసేపూ అన్నకి వాడిన ఎడమ వైపు మీట నొక్కుతాం. తమ్ముడు నీళ్ళలోకి దిగి ఈదుతాడు!

ఇందులో ఒక్క మాట లేదు. అన్న పోయినా, అన్న ఇచ్చిన ధైర్యం తమ్ముడిలో మిగిలిందన్న సంగతి మన బొటనవేలికి తెలుస్తుంది. ఏ సినిమా కూడా ఈ సంగతి ఈ విధంగా చెప్పలేదు, ఎందుకంటే సినిమా చూసేటప్పుడు మన చేతులు ఖాళీగా ఉంటాయి.

ఏ బటన్ నొక్కినా ఆగని ఏడుపు

ఇంతవరకూ చెప్పినవి కల్పిత కథలు. ఇప్పుడు చెప్పబోయేది నిజంగా జరిగింది.

కొలరాడోకి చెందిన రయన్ గ్రీన్, ఏమీ గ్రీన్ దంపతుల కొడుకు జోయెల్‌కి ఏడాది వయసులో మెదడులో కాన్సర్ బయటపడింది. కొద్ది నెలలే అన్నారు డాక్టర్లు. ఆ బాబు ఇంకో నాలుగేళ్ళు బతికి, 2014 మార్చిలో, ఐదేళ్ళ వయసులో కన్నుమూశాడు. కొడుకు బతికి ఉండగానే ఆ తల్లిదండ్రులు, జాష్ లార్సన్ మొదలైన మిత్రులతో కలిసి, వాడి కథని గేమ్‌గా మలచడం మొదలుపెట్టారు. అది ‘దట్ డ్రాగన్, కాన్సర్’. 2016 జనవరి 12న, జోయెల్ పుట్టినరోజు నాడు, విడుదల చేశారు.

అందులో ఒక హాస్పిటల్ గది. రాత్రి. బాబు ఏడుస్తున్నాడు. దాహం, కానీ జ్యూస్ ఇస్తే కడుపులో నిలవదు. ఎత్తుకున్నా, ఊపినా, అటూ ఇటూ తిప్పినా ఏడుపు ఆగదు. మామూలుగా గేమ్ అంటే సరైన బటన్ నొక్కితే ఫలితం దొరుకుతుంది. ఇక్కడ సరైన బటనే లేదు. చివరికి ఆ తండ్రి ప్రార్థనలో పడతాడు, ఆ తర్వాతే బాబు సద్దుమణుగుతాడు. పిల్లలకి జ్వరం వచ్చిన రాత్రుళ్ళు గడిపిన ఏ అమ్మానాన్నలకైనా ఆ గది తెలుసు.

ఇదే గేమ్‌లో ఇంకోచోట హాస్పిటల్ నడవా నిండా గ్రీటింగ్ కార్డులు ఉంటాయి. గేమ్ తయారీకి చందాలిచ్చినవాళ్ళు, తాము పోగొట్టుకున్న అమ్మల గురించి, బిడ్డల గురించి, స్నేహితుల గురించి పంపినవి. ఒక్కొక్కటీ తెరిచి చదువుకోవచ్చు. ఒక ఇంటి దుఃఖం చెప్పడానికి కట్టిన గోడల మీద ఎన్నో ఇళ్ళ వాళ్ళు తమ తమ దుఃఖాలు తెచ్చి పెట్టుకున్నారు.

ఈ నడవా గురించి ఆలోచిస్తే మన సంగతి గుర్తొస్తుంది. ఇండియా నుంచి అర్ధరాత్రి ఫోను వస్తుంది. తాతయ్య పోయారు. దొరికిన టికెట్‌తో నాన్న ఒక్కడే బయల్దేరతాడు. పిల్లలకి మాత్రం మర్నాడు స్కూలు, సాయంత్రం సాకర్ ప్రాక్టీసు, అన్నీ మామూలే. పదోరోజు ఎప్పుడైందో తెలీదు, నలుగురూ చేరి ఏడ్చే చోటు చూడలేదు, పోయినవాళ్ళ గురించి చెప్పుకునే కబుర్లు వినలేదు. వేసవి సెలవుల్లో వెళితే కుర్చీ ఖాళీగా ఉంటుంది, గోడ మీద దండ వేసిన ఫోటో ఉంటుంది. మన పిల్లలు చాలామందికి మరణం అంటే అంతే. అలాంటి పిల్లకో, పిల్లాడికో ఒక మనిషిని కోల్పోవడం అంటే ఏమిటో మొదటిసారి పూర్తిగా తెలిసే చోటు ఒక గేమ్ కావచ్చు. ఆ కన్నీళ్ళలో కొన్ని ఏరిస్‌వి అయితే, కొన్ని తాతయ్యవి కూడా అయి ఉండవచ్చు. మనం నవ్వేస్తే రెండూ లోపలే ఉండిపోతాయి.

పక్కింటి కథ, మన కథ

2023లో కెనడాలోని టొరంటో నుంచి ‘వెన్‌బా’ అనే చిన్న గేమ్ వచ్చింది. తయారుచేసింది విశై గేమ్స్. ఇందులో తుపాకులు లేవు, ఇడ్లీ పాత్ర ఉంది! 1980లలో కెనడా వెళ్ళిన తమిళ దంపతులు వెన్‌బా, పావలన్, వాళ్ళ కొడుకు కవిన్. వెన్‌బా దగ్గర వాళ్ళమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం ఉంటుంది. పేజీలు చిరిగి, అక్షరాలు చెరిగి ఉంటాయి. ఆ తప్పిపోయిన ముక్కలు ఊహించి వండటమే ఆట. 2024లో బాఫ్టా వాళ్ళు ఉత్తమ తొలి గేమ్‌గా బహుమతి ఇచ్చారు.

అమ్మ పుట్టు చేస్తానంటే పిల్లాడికి పిజ్జా కావాలి. అమ్మ తమిళంలో మాట్లాడితే వాడు ఇంగ్లీషులో జవాబిస్తాడు. ఏళ్ళు గడుస్తాయి, తల్లీకొడుకుల మధ్య మాటలు పొట్టివైపోతాయి. ఒకనాటికి పెద్దవాడైన కవిన్ ఆ వంటల పుస్తకం తనే తీస్తాడు. అమ్మ భాష తడుముకుంటూ చదువుతాడు. ఇక్కడ ఎవరి మీదా తూటా పేలనక్కర్లేదు. ఆవకాయ కొలతలు ఫోనులో రాసుకునే మన పిల్లలకి, ఆ పిల్లల్ని చూసి మురిసే తల్లులకి, గుండె బరువెక్కడానికి ఇది చాలు. పిల్లలతో కలిసి కూర్చుని ఆడదగ్గ గేమ్ కావాలంటే ముందు ఇది తెచ్చుకోండి.

తల్లిదండ్రులకి నాలుగు మాటలు

మొదటిది: అమెరికాలో 1994 నుంచి ఈఎస్ఆర్‌బీ అనే సంస్థ గేములకి వయసు గుర్తులు ఇస్తోంది. డబ్బా మీద ‘ఈ’ అంటే అందరికీ, ‘టీ’ అంటే పదమూడు దాటినవాళ్ళకి, ‘ఎమ్’ అంటే పదిహేడు దాటినవాళ్ళకి. పైన చెప్పిన ‘ద లాస్ట్ ఆఫ్ అజ్’, ‘ద వాకింగ్ డెడ్’ రెండూ ‘ఎమ్’ గుర్తువే. కథ బాగుంది కదా అని పదేళ్ళవాళ్ళకి కొనివ్వకండి. చిన్నపిల్లలకి 2012లో వచ్చిన ‘జర్నీ’ లాంటివి ఉన్నాయి. ముక్కూ మొహం తెలీని ఇంకో ఆటగాడితో, మాటలు లేకుండా, ఎడారి దాటి కొండ ఎక్కే ఆట అది.

రెండోది: పక్కన కూర్చోండి. బటన్లు తెలియనక్కర్లేదు. “ఈ అమ్మాయి ఎవరు? ఎక్కడికి వెళుతున్నారు?” అని అడిగితే చాలు, వాళ్ళే చెబుతారు. పదిహేనేళ్ళ పిల్లలు ఆపకుండా మాట్లాడే సందర్భాలు మనకి ఎన్ని దొరుకుతాయి చెప్పండి!

మూడోది: ఏడ్చిన రోజున “నువ్వు ఏం చేశావు?” అని అడగండి. సినిమా గురించి అడిగితే కథ చెబుతారు. గేమ్ గురించి అడిగితే తాము ఎంచుకున్న దారి చెబుతారు, ఎందుకు ఎంచుకున్నారో చెబుతారు. మీ పిల్లల మనసులో ధర్మం, భయం, ప్రేమ ఏ వరసలో ఉన్నాయో అక్కడ వినిపిస్తుంది.

నాలుగోది: గేమ్ ఆపేసినా రోజుల తరబడి దిగులు తగ్గకపోతే, తిండి, నిద్ర, స్నేహితులు అన్నీ దూరమైతే, దాన్ని గేమ్ మీదకి నెట్టేసి ఊరుకోకండి. డాక్టరుతోనో, స్కూలు కౌన్సెలర్‌తోనో మాట్లాడండి. అత్యవసరమైతే అమెరికాలో ఎక్కడినుంచైనా 988కి ఫోను చెయ్యవచ్చు.

పిల్లలకి ఒక చిన్న పని

ఈ ఆదివారం ఇండియాలో ఉన్న అమ్మమ్మకో, నానమ్మకో వీడియో కాల్ చేసినప్పుడు “బాగున్నాను, తిన్నాను, బై” అని ఫోను అమ్మకి ఇచ్చేయకండి. మిమ్మల్ని ఏడిపించిన గేమ్ కథ ఆవిడకి చెప్పండి, వచ్చినంత తెలుగులో. అన్న పోయాక తమ్ముడు నీళ్ళలోకి ఎలా దిగాడో చెప్పండి. మాట దొరక్కపోతే చేతులతో చూపించండి. జాయ్‌స్టిక్ అంటే ఏమిటో ఆవిడకి తెలీదు గానీ, అన్నదమ్ముల సంగతి బాగా తెలుసు. మీరు చెప్పడం అయ్యాక, మీకు ఏడుపొచ్చిన కథ ఏమిటని ఆవిణ్ణి అడగండి. సీతమ్మ కథ చెబుతారో, చంద్రమతి కథ చెబుతారో, తాతయ్య కథే చెబుతారో. ఏది చెప్పినా తొందరపడకుండా చివరిదాకా వినండి.